ముందు ఓనరు, తర్వాత గడియ

"ఇకమీదట మన సంఘంలో ఓనరు లేని పని ఒక్కటంటే ఒక్కటి ఉండేదిల్లేదు" అని వరదప్ప గారు మైకులో ప్రకటించారు.

హోసూరు దగ్గర మత్తిగిరి పక్కన పూల రైతుల సహకార సంఘం వాళ్ల ప్యాకింగ్ షెడ్డులో ఆ ప్రకటన వినడానికి మహా అయితే పాతిక మంది ఆడవాళ్లు, ఆయన చేతికందే దూరంలో నిలబడి ఉన్నారు. మైకు అవసరం లేదు. కానీ వరదప్ప గారు సంఘానికి ప్రెసిడెంటు, పైగా పార్టీలో యూనియన్ సెక్రెటరీ, అంటే మండలమంతటికీ కార్యదర్శి. మైకు లేకుండా చెప్పిన మాటకు ఆయన ఎన్నడూ కట్టుబడలేదు. మైకులో చెప్పినదానికి కట్టుబడినట్టు కూడా ఎవరికీ గుర్తు లేదు గానీ, మైకులో అయితే నాలుగు వీధులకు వినబడుతుంది.

విషయం ఏమిటంటే, సంఘం రోజాపూలు విదేశాలకు పోవాలంటే క్వాలిటీ సర్టిఫికెట్ కావాలి. సర్టిఫికెట్ కావాలంటే షెడ్డులో జరిగే ప్రతి పనీ ఎలా చేయాలో కాగితం మీద రాసి పెట్టాలి. రాసిన ప్రతి పనికీ "ఇది నా పూచీ" అనే మనిషి ఒకరు ఉండాలి. ఆ మనిషిని ఓనరు అంటారు. గుంటూరు నుంచి కొత్తగా వచ్చిన క్వాలిటీ ఆఫీసరు ఉదయశ్రీ ఈ సంగతంతా ప్రెసిడెంటు గారికి ఎదురుగా కూర్చుని ఓపికగా వివరించింది. వరదప్ప గారు కళ్లు మూసుకుని విన్నారు. పార్టీలో తల నెరిసిన మనిషి కాబట్టి సారం ఇట్టే పట్టేశారు. పంచడానికి కొత్త పదవులు వచ్చాయన్నమాట.

"ఎవురికైనా సందేహాలుంటే అడగండమ్మా" అన్నారు ఆయన. ఎవరూ అడగరని గట్టి నమ్మకం ఉన్నప్పుడే ఆయన ఈ మాట అంటారు.

పూలను రకాలుగా వేరుచేసే గ్రేడింగు బల్ల దగ్గర నుంచి రంగమ్మ చెయ్యెత్తింది.

రంగమ్మకు సందేహం లేదు. లేనిది గడియ. షెడ్డు వెనక ఉన్న లేడీస్ బాత్రూము తలుపుకు లోపలి గడియ ఊడిపోయి రెండు ఉగాదులు దాటాయి. ఆ తలుపు దగ్గరికి వేస్తే నిలవదు, ఎవరో లోపలి నుంచి పిలిచినట్టు మెల్లగా తెరుచుకుంటుంది. అందుకని ఆడవాళ్లు ఇద్దరిద్దరుగా పోతారు. ఒకరు లోపల ఉంటే ఇంకొకరు బయట పిడి పట్టుకుని నిలబడతారు. తోడు దొరక్కపోతే నిండు నీళ్ల బకెట్టు లోపలి నుంచి ఈడ్చి తలుపుకు అడ్డం పెట్టుకోవాలి. కుళాయి సరిగా రాక బకెట్టు సగమే నిండిన ఒక రోజున, తిరువణ్ణామలై లారీ డ్రైవరు ఒకాయన అది ఆఫీసు గది అనుకుని తలుపు తోశాడు. లోపల ఉన్నది రంగమ్మ. ఆయన "బిల్లు ఇక్కడేనా అమ్మా?" అని అడిగాడు. అడిగి, జవాబు కోసం ఆగాడు కూడా.

ఆ రోజు నుంచి రంగమ్మకు జీవితంలో ఒకటే కోరిక. లోపలికి పోవాలి, గడియ టక్కుమని వేసుకోవాలి, ఎవరి తోడూ లేకుండా కాసేపు నిమ్మళంగా కూర్చోవాలి.

"ప్రెసిడెంటప్పా, బాత్రూముకు గడియ లేదు" అంది.

"ఈ సంగతి ముందే చెప్పకూడదా?"

"చెప్పినానప్పా. పోయిన మీటింగులో చెప్పినాను. దానికి ముందు మీటింగులోనూ చెప్పినాను."

"ఎవురికి చెప్పినావు?"

"మీకేనప్పా."

"అదేమ్మా నువ్వు చేసిన తప్పు. అప్పుడు ఆ పనికి ఓనరు లేడు. ఓనరు లేని పని ఎవురికి చెప్పినా గోడకు చెప్పినట్టే. ఇప్పుడు ఓనరు వస్తాడు. ముందు ఓనరు, తర్వాత గడియ."

ఆడవాళ్లంతా చప్పట్లు కొట్టారు. రంగమ్మ కూడా కొట్టింది. గడియ ఎందుకు లేదో ఇంత వివరంగా ఆమెకు ఇంతవరకు ఎవరూ చెప్పలేదు.

ఓనర్ల పంపకం మొదలైంది. వరదప్ప గారికి తన పర అనే భేదం లేదు. అందుకే అన్నీ తనవాళ్లకే ఇచ్చారు. సంఘం వైస్ ప్రెసిడెంటు ఓబయ్యకు మాత్రం ఎలుకల నివారణ ఇచ్చారు. ఓబయ్యది అదే పార్టీ, వేరే ఫ్లెక్సు.

"ఇన్నేళ్లు పార్టీకి చేసిన చాకిరీకి నాకు ఎలకలా?" అని ఓబయ్య మత్తూరులో తన మామిడి తోటకు పోయి ఫోను స్విచ్చాఫ్ చేసుకున్నాడు. ఆ పార్టీలో నిరాహార దీక్ష కంటే అది పెద్దది.

రెండు రోజులు రాయబారాలు నడిచాయి. చివరికి షెడ్డు గోడలు, కప్పు, ద్వారబంధాలు ఓబయ్యకు రాసిచ్చారు. తలుపులన్నీ వరదప్ప గారి మేనల్లుడు గోకుల్ కు వచ్చాయి. పూలు పెట్టే కోల్డ్ రూము దగ్గర మళ్లీ పేచీ వచ్చింది. అది కూడా పెద్దమనుషుల సమక్షంలో తెగింది. తలుపు గోకుల్ కు, లోపలి చలి ఓబయ్యకు. ఎలుకలను ఎవరూ ఒప్పుకోలేదు. వాటిని ప్రస్తుతానికి స్వతంత్రంగా వదిలేశారు.

తర్వాత డిప్యూటీ ఓనర్లు, జాయింట్ ఓనర్లు, యువజన ఓనర్లు వచ్చారు. మత్తిగిరి కూడలిలో ఫ్లెక్సులు లేచాయి. "ముళ్లు తీసే విధానానికి ఓనరైన మా అన్నకు జేజేలు" అని ఒకటి. ఆ అన్న చేతికి ముల్లు తగిలిన దాఖలా లేదు.

ఉదయశ్రీ ప్రెసిడెంటు గారి గదికి పోయింది. "సార్, ఒక పనికి ఒక్కరే ఓనరు ఉండాలండి. తప్పు జరిగితే ఎవరిని అడగాలో తెలియాలి కదండీ."

వరదప్ప గారు జాలిగా చూశారు. "నువ్వు చిన్నపిల్లవమ్మా. ఎవురిని అడగాల్నో తెలిసిపోతే ఎట్ల?"

రంగమ్మ మాత్రం సంతోషంగా ఉంది. తలుపుకు ఓనరు వచ్చాడు. ఆమె మధ్యాహ్నం కూడు తొందరగా తినేసి, గేటు దగ్గర తన ఫ్లెక్సు నీడలోనే కుర్చీ వేసుకుని కూర్చున్న గోకుల్ దగ్గరికి పోయింది.

"గోకులప్పా, బాత్రూముకు గడియ పెట్టీయాల."

"దానికేమక్కా, తలుపు నాదే. గడియ తలుపు మీదే కదా ఉండేది?"

"తలుపు మీదేనప్పా."

"అంతా తలుపు మీదేనా?"

రంగమ్మ ఆలోచించింది. "కమ్మీ తలుపు మీద ఉంటుంది. అది పోయి దూరే రింగు ద్వారబంధం మీద ఉంటుంది."

గోకుల్ కళ్లద్దాలు తీశాడు. "చూసినావా అక్కా, ఇదే చిక్కు. సగం నాది, సగం ఓబయ్యప్పది. నేను దూకుడుగా పోయి పెట్టేసినాననుకో, ఆక్రమణ అని ఆయప్ప మనుషులు రోడ్డుకు అడ్డం కూర్చుంటారు. ఆయప్పను ముందు రింగు పెట్టమను. నేను కమ్మీ పెట్టకపోతే అడుగు."

ఓబయ్య ఆ రోజు అదృష్టవశాత్తు షెడ్డుకు వచ్చి, తన గోడలు చూసుకుంటున్నాడు. రంగమ్మ సంగతి చెప్పింది.

"రింగుదేముందమ్మా, నిమిషం పని" అన్నాడు ఓబయ్య. "కమ్మీ యాడ?"

"మీరు రింగు పెడితే గోకులప్ప కమ్మీ పెడతాడంట."

"కమ్మీ లేని రింగు పెట్టుకుని నేను ఊరికి ఏం మొగం చూపించేది? వాడు చిన్నోడు, వాడిని ముందు పెట్టమను."

ఇద్దరూ రంగమ్మ పక్షమే. ఇద్దరూ గడియ పెట్టి తీరాల్సిందేనని అన్నారు. సంఘం పుట్టిన తర్వాత ఆ రెండు వర్గాలకు ఒక విషయంలో మాట కలవడం అదే మొదటిసారి. జాయింట్ మీటింగు పెట్టుకుందామని కూడా అనుకున్నారు. ఓబయ్య మళ్లీ ఫోను స్విచ్చాఫ్ చేయడంతో అది వాయిదా పడింది.

ఇంతలో ఆడిటరు వచ్చే తేదీ ఖాయమైంది. ఉదయశ్రీకి నిద్ర పట్టడం మానేసింది. ఆమె గ్రేడింగు ఆడవాళ్లతోనే కూర్చుని అన్నం తినేది, బాత్రూముకు రంగమ్మ తోడుతోనే పోయేది. ఒక రోజు లోపలి నుంచే అంది, "రంగమ్మ గారూ, నాకో ఆలోచన వచ్చిందండి. మనం ఏం చేస్తామో అదే రాయాలి కదా. మీరిలా తలుపు పట్టుకుని నిలబడటం కూడా రాసేస్తాను."

"రాస్తే ఏమొస్తాది తల్లీ?"

"ఆడిటరు చదివి, గడియ కూడా లేదా అని ప్రెసిడెంటు గారిని నిలదీస్తారు. మర్నాడే గడియ వస్తుంది."

రంగమ్మకు ఆ తెలివి తెగ నచ్చింది. ఇద్దరూ కూర్చుని ఏదీ వదలకుండా రాశారు.

"ఏ చేత్తో పట్టుకుంటారు?"

"కుడి చేత్తో. ఎడమ చేతిలో లోపలికి పోయినామె సెల్లు ఉంటాది."

"ఎవరైనా వస్తే?"

"రెండు సార్లు దగ్గుతాం. మొగోళ్లయితే గట్టిగా దగ్గుతాం."

"లోపలివాళ్లు ఆలస్యం చేస్తే?"

"ఏమ్మే, ఆడనే కాపురం పెట్టినావా, అని అడుగుతాం."

ఉదయశ్రీ చివరిదాన్ని "మర్యాదగా సమయం గుర్తు చేయవలెను" అని మార్చి రాసింది. పైన "తలుపు కాపలా విధానం" అని పేరు పెట్టింది. ఓనరు అనే చోట ఖాళీ మిగిలింది.

ఆ ఖాళీ చూసి వరదప్ప గారు నొచ్చుకున్నారు. ఆయన హయాంలో పదవి ఖాళీగా ఉండటం ఆయనకు పడదు. కానీ మగవాళ్లెవరూ ముందుకు రాలేదు. "లేడీస్ బాత్రూము కాడ నిలబడే పనికి ఓనరని ఫ్లెక్సు వేస్తే నాకు పిల్లనెవురిస్తారు మామా?" అన్నాడు గోకుల్.

"అయితే రంగమ్మకే ఇచ్చేద్దాం. మహిళలకు అధికారం ఇయ్యాల్నని నేను ఎప్పటినించో అనుకుంటా ఉండాను" అన్నారు వరదప్ప గారు.

"నాకు ఓనరు గీనరు వద్దప్పా, గడియ చాలు" అంది రంగమ్మ. కానీ అప్పటికే శాలువా భుజాల మీద పడిపోయింది.

మర్నాడు కూడలిలో ఆమె ఫ్లెక్సు లేచింది. అందులో రంగమ్మ అసలు కంటే నాలుగు రెట్లు తెల్లగా ఉంది. చేతిలో ఎవరో రోజాపువ్వు పెట్టారు. వెనక వరదప్ప గారు దండం పెడుతున్నారు. ఆమెకే పెడుతున్నట్టు కూడా అనిపిస్తుంది.

సాయంత్రం సామల్పట్టి నుంచి ఆడబిడ్డ మద్దమ్మ ఫోను చేసింది. కూతురి పెళ్లికి కూడా సరిగా పిలవని మద్దమ్మ.

"వదినా, ఓనరైనావంట కదా. దేనికి?"

"తలుపుకు" అంది రంగమ్మ. ఏ తలుపుకో చెప్పలేదు.

ఆ రాత్రి ఆమె మొగుడు అడక్కుండానే కాఫీ పెట్టి ఇచ్చాడు. రంగమ్మ గ్లాసు వంక చాలాసేపు చూసింది.

సంఘం వాళ్లు ఆమెకు మెడలో వేసుకునే కార్డు, బాత్రూము పక్కన ఒక ప్లాస్టిక్ కుర్చీ ఇచ్చారు. మొదట ఆమె సిగ్గుపడి కుర్చీ అంచున కూర్చుంది. రెండో రోజుకు వెనక్కి ఆనుకుంది. "రంగమ్మక్కా, పోయొచ్చేదా?" అని ఆడవాళ్లు అడగడం మొదలుపెట్టారు. పుట్టింది మొదలు రంగమ్మ అందరినీ అడగడమే గానీ, ఆమెను ఎవరూ దేనికీ అడిగింది లేదు. మొదట్లో "పోమ్మా" అనేది. తర్వాత "ఉండు" అనడం నేర్చుకుంది.

ఓనరే నిలబడితే బాగుండదని ఆ పనికి చౌడమ్మను పెట్టింది. చౌడమ్మ ఇన్నాళ్లూ ఆమె జోడీయే.

"అక్కా, మోకాళ్లు లాగతా ఉండాయి. ఆ కుర్చీలో కాసేపు కూర్చునేదా?"

"కాగితంలో ఏముంది? నిలబడవలెను అని ఉంది. కుర్చీ ఓనరుకు చౌడమ్మా. నేను రాసింది కాదు, విధానం."

గ్రేడింగులో పనిచేసే మోనిషా, మధుమిత డిప్యూటీలయ్యారు. వాళ్లిద్దరిలో ఎవరు సీనియరు అనే గొడవ వచ్చినప్పుడు రంగమ్మ గొడవ తీర్చకుండా ఇద్దరికీ విడివిడిగా "నువ్వే" అని చెప్పింది. వరదప్ప గారికి ఆ సంగతి తెలిసి, ఈమెకు భవిష్యత్తు ఉందని మెచ్చుకున్నారు.

ఆడిటరు శరవణన్ కృష్ణగిరి నుంచి వచ్చాడు. బక్కపల్చటి మనిషి, మాట తక్కువ, పెన్ను ఎక్కువ. నేరుగా కోల్డ్ రూములోకి పోయి, చెమట తుడుచుకుంటూ బయటికి వచ్చాడు.

"లోపల చలి ఎవరి బాధ్యత?"

"చలి మాదే సారూ" అన్నాడు ఓబయ్య. "మేము పొద్దున్నే ఇచ్చేసినాము. తలుపు సందులో పోతే మేమేం చేసేది?"

"తలుపు మూసే ఉండింది సార్" అన్నాడు గోకుల్. "ఉండేది ఉంటే కదా పోయేదానికి."

రోజాపూలు మాత్రం ఏ వర్గం పక్షమూ వహించకుండా వాడిపోయి ఉన్నాయి. పూల పెట్టె వెనక నుంచి ఎలుక ఒకటి తీరిగ్గా అందరి మధ్యగా నడిచిపోయింది. శరవణన్ పెన్ను ఆగకుండా రాస్తూనే ఉంది. ఉదయశ్రీ అతన్ని షెడ్డు వెనక్కి తీసుకుపోయింది. ఇక మిగిలింది బాత్రూము. ఆమె ఆశ కూడా అదొక్కటే.

తలుపు దగ్గర చౌడమ్మ నిలబడి ఉంది. కుడి చేతిలో పిడి, ఎడమ చేతిలో ఎవరిదో సెల్లు. శరవణన్ ను చూసి రెండు సార్లు గట్టిగా దగ్గింది.

"లోపల ఎవరమ్మా?"

"చెప్పేదిల్లేదు."

"నేను ఆడిటరు."

"మీరు గవర్నరైనా సరే సారూ. ఆమె బయటికి రానీయండి."

శరవణన్ కాగితం తీసి ఒక్కో వాక్యం చదివి, ఒక్కోసారి చౌడమ్మ వంక చూశాడు. కుడి చెయ్యి, సరే. సెల్లు, సరే. దగ్గు, సరే. ఇంతలో రంగమ్మ కుర్చీలోంచి లేచి, తలుపు మీద తట్టి, "అమ్మా, సమయం అయిందమ్మా" అని మర్యాదగా గుర్తు చేసింది. శరవణన్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"నేను తిరగని కంపెనీ లేదు. రాసింది రాసినట్టు చేసేది ఈడే చూసినాను."

ఉదయశ్రీ ముందుకు వచ్చింది. "సార్, అసలు ఆ తలుపుకు గడియే లేదండి."

"గడియ ఉండాలని ఈ కాగితంలో ఉందా?"

"లేదండి."

"అయితే దాని గురించి నేను అడగకూడదమ్మా."

అలా సంఘానికి సర్టిఫికెట్ వచ్చింది. మిగిలిన లోపాలన్నీ త్వరలో సరిచేస్తామని వరదప్ప గారు మైకులో మాట ఇచ్చారు. తలుపు కాపలా విధానం మాత్రం అందరూ చూసి నేర్చుకోదగ్గదని రిపోర్టులో ప్రత్యేకంగా రాసి ఉంది. సర్టిఫికెట్ చేతికివ్వడానికి, ఆ తలుపును కళ్లారా చూడటానికి మంత్రిగారే వస్తున్నారని కబురు అందింది.

మంత్రిగారు వచ్చే రోజు పొద్దున చౌడమ్మ హోసూరు బస్టాండు దగ్గర హార్డువేర్ షాపులో దిగి, ఒక గడియ కొనుక్కొచ్చింది. ఇక ఆమె మోకాళ్లు ఒప్పుకోలేదు. ఉదయశ్రీ స్క్రూడ్రైవరు పట్టింది. కమ్మీ తలుపు మీద, రింగు ద్వారబంధం మీద. పొయ్యి మీది టీ పొంగేలోపల పని అయిపోయింది.

"ముందు రంగమ్మక్కే పోవాల" అంది చౌడమ్మ. "ఆమె ఆశ అది."

రంగమ్మ కొత్త చీరలో వచ్చింది. లోపలికి పోయి గడియ వేసింది. టక్కుమంది.

ఎన్ని రోజులుగానో అనుకున్న శబ్దం. తలుపు కదలలేదు. తిరువణ్ణామలైలో ఉన్న డ్రైవర్లందరూ కలిసి వచ్చి తోసినా కదలదు. రంగమ్మ నిమ్మళంగా కూర్చుంది. బయట దగ్గు లేదు. మాట లేదు. "రంగమ్మక్కా, పోయొచ్చేదా?" అనేవాళ్లు లేరు. ఇక ఎప్పటికీ ఉండరు. కుర్చీ కూడా ఎవరో తీసుకుపోయి ఇంకెక్కడో వేస్తారు. మద్దమ్మ ఫోను చేయదు. కాఫీ సంగతి చెప్పనే అక్కర్లేదు.

రంగమ్మ బయటికి వచ్చింది.

"చౌడమ్మా, దీన్ని పెట్టేటప్పుడు ఎవురిని అడిగినావు?"

చౌడమ్మ బిత్తరపోయింది. "నువ్వే కదక్కా ఇన్నాళ్లూ గడియ గడియ అని అడగతా ఉండేది?"

"అడిగింది నేనే. అప్పుడు నాకు ఓనర్షిప్ లేదు కదా" అంది రంగమ్మ. తర్వాత ఉదయశ్రీ వైపు తిరిగింది. "నీ కాగితంలో గడియ ఉందా తల్లీ?"

ఉదయశ్రీ లేదన్నట్టు తల ఊపింది.

ఎన్నాళ్లుగానో వాయిదా పడ్డ జాయింట్ మీటింగు వెంటనే జరిగింది. ఓబయ్య ఫోను ఆన్ చేసుకుని పరుగున వచ్చాడు. తన ద్వారబంధం మీద రింగు చూసి మండిపడ్డాడు. తన తలుపు మీద కమ్మీ చూసి గోకుల్ మండిపడ్డాడు. గోకుల్ తలుపు కదలకుండా పట్టుకున్నాడు, ఓబయ్య ద్వారబంధం అదిమి పట్టుకున్నాడు, రంగమ్మ ఒక్కొక్క స్క్రూ తిప్పి తీసింది. రెండు వర్గాలు ఒకే తలుపు దగ్గర భుజం కలిపిన దృశ్యం చూసి వరదప్ప గారి కళ్లు చెమర్చాయి. రంగమ్మ గడియను తన వక్కాకు సంచిలో వేసుకుంది.

మధ్యాహ్నానికి మంత్రిగారు వచ్చారు. షెడ్డు ముందు స్టేజీ నిండా ఓనర్లు, డిప్యూటీ ఓనర్లు, జాయింట్ ఓనర్లు. మోనిషా, మధుమిత కూడా పైనే ఉన్నారు. కింద చౌడమ్మ కాసేపు అటూ ఇటూ చూసింది. తోడుకు ఎవరూ దొరకలేదు. ఒక్కతే షెడ్డు వెనక్కి నడిచింది.

మంత్రిగారు రంగమ్మకు శాలువా కప్పారు. వరదప్ప గారు మైకు అందుకున్నారు.

"ఈ రోజు గర్వంగా చెప్తా ఉండాను. మా సంఘంలో ఓనరు లేని పని ఒక్కటంటే ఒక్కటి…"

షెడ్డు వెనక నుంచి, నిండు నీళ్ల బకెట్టు సిమెంటు నేల మీద ఈడ్చే శబ్దం వచ్చింది. మైకులో కూడా బాగా వినబడింది. వరదప్ప గారు ఆగారు. మంత్రిగారు అటు తిరిగి చూశారు.

రంగమ్మ శాలువా సర్దుకుని, అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది.